సున్నా క్రెడిట్ల పర్యావరణం

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్ పట్టాకు 160 క్రెడిట్లు కావాలి. అందులో పర్యావరణ శాస్త్రం వాటా సున్నా. సబ్జెక్టు ఉంది, తప్పనిసరి కూడా, క్రెడిట్లు మాత్రం లేవు. జేఎన్‌టీయూ హైదరాబాద్ కూడా అదే ఏడాది ఆర్18 రెగ్యులేషన్లలో దాన్ని మ్యాండేటరీ కోర్సుగా పెట్టి, క్రెడిట్ల గడిలో సున్నా వేసింది. పాసైతే చాలు, సీజీపీఏలో కలవదు. సీజీపీఏలో కలవని పేపరుకు ఏ గతి పడుతుందో ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కిన ఎవరికైనా తెలుసు. మధ్యాహ్నం ఆఖరి పీరియడు దానికి. ఆ సెమిస్టర్లో ఎవరికి వర్క్‌లోడు తక్కువ పడిందో ఆ లెక్చరర్ దానికి. పరీక్షకు ముందురోజు రాత్రి ఓ ఆల్ ఇన్ వన్, పది ఇంపార్టెంట్ ప్రశ్నలు. ఓజోన్ పొర, ఆమ్ల వర్షం, జీవవైవిధ్యం. అయిపోయింది.

ఇందులో తప్పేముందని అడిగేవాళ్లే ఎక్కువ. యాజమాన్యాలు అడుగుతాయి, తల్లిదండ్రులు అడుగుతారు, ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన ప్రొఫెసర్లూ అడుగుతారు. వాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు, కాబట్టి దాని బలం తగ్గించకుండానే చెప్పుకుందాం. ఇంజనీరింగ్ అంటే లెక్క. బీము నిలబడాలి, మోటారు తిరగాలి, ప్రోగ్రాం నడవాలి. ముందు ఆ లెక్క గట్టిగా రావాలి. సుస్థిరత అంటారా, అది విలువలకు సంబంధించిన సంగతి, మంచి పౌరుడికి ఉండాల్సిన సంస్కారం. దానికో పేపరు పెట్టాం. జూన్ 5న మొక్కలు నాటిస్తున్నాం. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ప్లాస్టిక్ ఏరుతున్నారు. నాలుగేళ్లలో బేసిక్సే రాని పిల్లల నెత్తిన ఇంకా ఏం రుద్దమంటారు?

ఈ వాదనంతా ఒకే పునాది మీద నిలబడింది: లెక్క వేరు, పర్యావరణం వేరు. ఆ పునాదే తప్పు. ఎంత సిమెంటు పట్టింది, ఎంత కరెంటు కాలింది, వాడిన నీరు ఎక్కడికి పోయింది అన్నవి వదిలేసి తేల్చిన లెక్క పూర్తయిన లెక్క కాదు. సుస్థిరత పాఠం చాలడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నా ఫిర్యాదు వేరు. మన కాలేజీలు ఇంజనీరింగునే సగం చెబుతున్నాయి, ఆ మిగిలిన సగానికి పర్యావరణం అని పేరు పెట్టి ఆఖరి పీరియడులోకి నెట్టేస్తున్నాయి.

సివిల్ నుంచి మొదలుపెడదాం. ఆర్‌సీసీ డిజైన్ పేపర్లో విద్యార్థి ఐఎస్ 456 కోడు ముందు పెట్టుకుని బీము కొలతలు, స్టీలు లెక్క తేలుస్తాడు. ఎం25 కాంక్రీటు, ఎఫ్‌ఈ 500 స్టీలు అని ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. ఆ కాంక్రీటులోకి ఏ సిమెంటు వెళ్తుందని ఎవరూ అడగరు. సున్నపురాయిని, మట్టిని కలిపి 1,450 డిగ్రీల దాకా కాలిస్తే క్లింకర్ వస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తున్న ఎవరైనా వేయగల లెక్క ఇది: వంద కిలోల కాల్షియం కార్బొనేట్ నుంచి 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బట్టీలో కాల్చిన బొగ్గు, రాయి నూరిన కరెంటు ఇంకా కలపలేదు. బొగ్గు పూర్తిగా మానేసినా ఈ 44 కిలోలు తగ్గవు, అవి రాయిలోంచే వస్తున్నాయి మరి. ప్రపంచం మొత్తం మీద వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటుదే కావడానికి ముఖ్య కారణం ఇదే. ఈ బట్టీలు ఎక్కడో లేవు. నల్గొండ, పల్నాడు, కడప, తాడిపత్రి చుట్టుపక్కల సున్నపురాయి నేలల్లోనే ఉన్నాయి.

అందుకని బస్తాలో క్లింకర్ ఎంత ఉందన్నది డిజైన్ చేసేవాడు అడగాల్సిన ప్రశ్న. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు (ఓపీసీ)లో దాదాపు అంతా క్లింకరే. పోజోలానా సిమెంటు (పీపీసీ)లో థర్మల్ స్టేషన్ బూడిద 35 శాతం దాకా కలపొచ్చు. ఆ బూడిద రామగుండంలో, ఇబ్రహీంపట్నంలో, పరవాడలో గుట్టలుగా పడి ఉంది. అయినా సైటులో మేస్త్రీ మొదలు బిల్డర్ దాకా ఓపీసీ 53 గ్రేడే కావాలంటారు. ఎందుకని? త్వరగా గట్టిపడుతుంది, సెంట్రింగ్ తొందరగా విప్పొచ్చు, అద్దె మిగులుతుంది. పీపీసీ నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, క్యూరింగ్‌కు ఎక్కువ రోజులు నీళ్లు పట్టాలి. అంటే సెంట్రింగ్ అద్దెకు, క్లింకర్‌కు మధ్య బేరం ఇది. 28 రోజుల బలం బదులు 56 రోజుల బలాన్ని ఆధారం చేసుకోగల చోట్లేవి, అలా చేయకూడని చోట్లేవి? పునాదికి, స్లాబుకు, గోడ ప్లాస్టరింగుకు ఒకే 53 గ్రేడ్ వాడితే ఎక్కడ లాభం, ఎక్కడ పగుళ్లు? "దేనికైనా మంచిది" అని రెండు కడ్డీలు అదనంగా వేయించే అలవాటు ఖరీదెంత? సివిల్ ఇంజనీరు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలివి. పర్యావరణం పేపర్లో ఇవి లేవు, అక్కడ "సిమెంటు కర్మాగారాల వల్ల వాయుకాలుష్యం కలుగును" అన్న వాక్యం ఉంది. ఆర్‌సీసీ పేపర్లోనూ లేవు, అది పర్యావరణం కదా అంటారు. చివరికి ఈ విద్య రెంటికీ చెడ్డ రేవడి అయింది.

ఇదంతా విదేశీ గొడవ అనుకునేవాళ్ల కోసం ఓ మాట. క్లింకర్‌ను సగానికి తగ్గించి, కాల్చిన మట్టి, సున్నపురాయి పొడి కలిపే ఎల్‌సీ3 సిమెంటు మీద స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్‌తో కలిసి పనిచేసినవాటిలో మన ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాసు ఉన్నాయి. భారత ప్రమాణాల సంస్థ దానికి 2023లో ప్రమాణం కూడా ఇచ్చింది. పరిశోధన ఈ దేశంలో జరిగింది, కోడు ఈ దేశంలో వచ్చింది. తరగతి గదికి మాత్రం ఇంకా చేరలేదు.

మెకానికల్ సంగతి ఇంకా విచిత్రం. రిఫ్రిజిరేషన్ పేపర్లో వేపర్ కంప్రెషన్ సైకిల్ మీద ఓ పెద్ద ప్రాబ్లం తప్పకుండా వస్తుంది. మన కాలేజీల్లో తరాలుగా నడుస్తున్న పాఠ్యపుస్తకాలు తెరిస్తే ఆ ప్రాబ్లంలో వాయువు తరచూ ఆర్-12. ఓజోన్ పొరను తినేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం నిషేధానికి దారి వేసింది దానికే. మన దేశంలో కొత్త యంత్రాలకు దాని వాడకం 2010 నాటికి ముగిసిపోయింది. ఇవాళ మూడో ఏడాది చదువుతున్న పిల్లలకు అప్పటికి నాలుగైదేళ్లు. బజార్లో లేని వాయువు సీఓపీని (ఖర్చయిన శక్తికి దక్కే చల్లదనం నిష్పత్తిని) మూడు దశాంశ స్థానాల దాకా లెక్కగట్టి, పక్క సెమిస్టర్లో పర్యావరణం పేపర్లో "సీఎఫ్‌సీల వల్ల ఓజోన్ పొరకు ముప్పు" అని ఐదు మార్కులకు రాసి వస్తారు. ఆ రెండూ ఒకే వాయువని చెప్పేవాళ్లుండరు.

ఇప్పుడు అమ్ముడవుతున్న ఏసీలో ఏముందో అడిగితే అసలు ఇంజనీరింగ్ బయటపడుతుంది. ఆర్-410ఏ కిలో లీకైతే సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-32 అందులో మూడో వంతు మాత్రమే, కానీ కొద్దిగా మండే గుణం ఉంది. ప్రొపేన్‌తో నడిచేవి వాతావరణానికి దాదాపు ఏ హానీ చేయవు, కానీ అది వంటగ్యాసు జాతిది. గదికి ఎంత నింపొచ్చు, లీకైతే ఏమవుతుంది, సీఓపీ ఎంత పడుతుంది, వైశాఖం ఎండలో కండెన్సర్ ఎలా తట్టుకుంటుంది అన్నవన్నీ ఒక్క ప్రాబ్లంలోకి తేవచ్చు. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది, హెచ్‌ఎఫ్‌సీల (ఆర్-410ఏ, ఆర్-32 ఆ కోవవే) తగ్గింపు 2032 నుంచి మొదలవుతుంది. ఇవాళ పట్టా పుచ్చుకునే పిల్లలు ముప్పై ఏళ్లు నిండకముందే ఆ మార్పు వాళ్ల చేతుల మీదుగా జరగాలి. వాళ్ల చేతికి మనం ఆర్-12 టేబుళ్లు ఇస్తున్నాం.

ముందు లెక్క, తర్వాత సంస్కారం అనేవాళ్లను ఎల్జీ పాలిమర్స్ దుర్ఘటన గురించి అడగాలనిపిస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురం మీదికి స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. పన్నెండు మంది చనిపోయారు. తర్వాత విచారణ కమిటీలు బయటపెట్టిన లోపాలను వరసగా చూడండి. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది, పై పొరల్లో వేడి ఎంతుందో తెలిసే దారి లేదు. ట్యాంకు పైపుల అమరికలో చేసిన మార్పు వల్ల లోపలి ద్రవం సరిగా కలియలేదు. చల్లబరిచే యంత్రాలు రాత్రిపూట నడవలేదు. స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారకుండా ఆపే ఇన్హిబిటర్ చాలినంత లేదు. సైరన్ మోగలేదు. ఈ వరసలో ఒక్కటైనా 'పర్యావరణ స్పృహ' కిందికి వస్తుందా? ఉష్ణప్రసారం, రసాయన చర్యల వేగం, ప్రాసెస్ కంట్రోల్. అన్నీ కెమికల్ ఇంజనీరింగ్ కోర్ సబ్జెక్టులే. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ఇంకా వేడి పుడుతుంది అన్నది పాఠంలో ఉంది, పరీక్షలోనూ వస్తుంది. లేనిదల్లా ఆ ట్యాంకు గోడకు అవతల ఊరు ఉందన్న ఒక్క సమాచారమే. ప్రాబ్లంలో 'పరిసరాలు' అని ఒక మాట రాసి వదిలేస్తాం. వెంకటాపురం ఆ మాటలో ఉండిపోయింది.

పటాన్‌చెరు కథ నెమ్మదిగా జరిగిన కథ, అందుకే ఎవరికీ అంతగా గుర్తుండదు. దాదాపు తొంభై మందుల కంపెనీల మురుగును అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం శుభ్రం చేసి వదిలేది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆ శుద్ధి చేసిన నీటినే పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయిని మించిన మోతాదు అది. రోజుకు 45 కిలోల మందు వాగులోకి పోతోందని అంచనా కట్టారు. శుద్ధి కేంద్రం పనిచేయక కాదు. అది నీటిలోని సేంద్రియ మలినాల కొలతలైన బీఓడీ, సీఓడీ తగ్గించడానికి కట్టింది, ఆ పని ఎంతోకొంత చేస్తూనే వచ్చింది. యాంటీబయాటిక్ అణువు దాని లెక్కలో లేదు. మన విద్యార్థులు ఇవాళ్టికీ బీఓడీ నిర్వచనం రాసి, 20 డిగ్రీల దగ్గర ఐదు రోజుల పరీక్ష వివరించి ఫుల్ మార్కులు తెచ్చుకుంటారు. ఫ్యాక్టరీ దేన్ని తయారుచేస్తోందో చూసి దేన్ని కొలవాలో తేల్చుకునే పని ఎవరూ నేర్పరు. బల్క్ డ్రగ్స్‌కు పేరుపడ్డ హైదరాబాద్ చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, ఈ సంగతి బయటపెట్టడానికి స్వీడన్ నుంచి రావాల్సి వచ్చింది.

నీటి పారుదల మీద మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మాట్లాడనివారు లేరు. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు తప్పా ఒప్పా అన్నది ఈ వ్యాసం తేల్చేది కాదు, దాని మీద జెండాలు పట్టుకున్న వాదనలు చాలినన్ని ఉన్నాయి. నేను చూపదలచుకున్నది బ్లాక్‌బోర్డు మీద పట్టే ఓ లెక్క. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2.83 కోట్ల ఘనమీటర్ల నీరు. దాన్ని ఒక మీటరు ఎత్తాలంటే, ఎక్కడా నష్టం లేని పంపుతో కూడా, 77 వేల యూనిట్ల కరెంటు కావాలి. ఆ ప్రాజెక్టులో మేడిగడ్డ దగ్గర సుమారు వంద మీటర్ల మట్టంలో ఉన్న నీరు కొండపోచమ్మ సాగర్ చేరాలంటే 618 మీటర్లకు ఎక్కాలి. గుణిస్తే టీఎంసీకి నాలుగు కోట్ల యూనిట్లు. పంపులు, మోటార్లు, పైపుల నష్టాలు కలిపి 80 శాతం సామర్థ్యం అనుకుంటే ఐదు కోట్లు. మన ఇరిగేషన్ వాళ్ల వాడుక లెక్కలో టీఎంసీకి పదివేల ఎకరాలు. అంటే అంత ఎత్తుకు ఎక్కే నీటికి ఎకరానికి ఐదువేల యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ముప్పై వేలు. ప్రాజెక్టులో నీరంతా అంత ఎత్తుకు పోదు, కింది ఆయకట్టుకు లెక్క చాలా తేలిక పడుతుంది. ఏ మట్టం దాకా ఎత్తడం దండగ కాదు, ఎక్కడ చెరువు బాగుచేసుకోవడం మేలు, ఎక్కడ వరి బదులు మరో పంట చూసుకోవాలి అన్న చర్చ అంతా ఈ లెక్క చేతిలో ఉంటేనే చర్చ. ఎమ్‌జీహెచ్ ఫార్ములా పదకొండో తరగతిలో చెప్పేశాం. హైడ్రాలిక్స్ పేపర్లో పంపు సామర్థ్యం చెప్పేశాం. కరెంటు బిల్లు, ఎకరం, పంట అన్న మూడు మాటలు మాత్రం ఆ పేపర్లో ఎప్పుడూ కలవవు.

ఏటా సెప్టెంబరు 15న కాలేజీల్లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పటానికి దండ వేస్తారు. 1908లో మూసీ ముంచెత్తాక హైదరాబాద్ వచ్చిన ఆ పెద్దమనిషి వరద ఆపడానికి గోడలు కట్టమని చెప్పి ఊరుకోలేదు. నగరానికి ఎగువన జలాశయాలు ప్రతిపాదించాడు, తాగునీటి సంగతి చూశాడు, మురుగు పారుదల పథకం వేశాడు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ ఆలోచన నుంచే వచ్చాయి. నది, నగరం, మురుగు, దాహం అన్నీ ఆయనకు ఒకే ఫైలు. ఆ రోజుల్లో దాన్ని ఇంజనీరింగ్ అనేవారు. ఇవాళ ఆయన పటం ముందు నిలబడి, అది కోర్ సబ్జెక్టు కాదంటున్నాం.

మరి ఈ విడాకులు ఎలా జరిగాయి? సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో పర్యావరణాన్ని అన్ని స్థాయుల్లో తప్పనిసరిగా బోధించాలంది. మంచి తీర్పు. యూజీసీ దాన్ని అమలు చేస్తూ డిగ్రీ విద్యార్థులందరికీ కలిపి ఆరు నెలల కోర్సు రూపొందించింది. బీఏ చరిత్ర విద్యార్థికి, బీకాం విద్యార్థికి అది సరిపోతుంది, వాళ్లు పౌరులుగా తెలుసుకోవాల్సింది అందులో ఉంది. ఇంజనీరింగ్ వాళ్లూ అదే తెచ్చి అతికించుకున్నారు. సిమెంటు కలిపే చేతికీ, దాని గురించి పేపర్లో చదివే కంటికీ ఒకే పాఠం. కోర్టు ఎప్పుడూ క్రెడిట్ సున్నా వేయమనలేదు, కోర్ సబ్జెక్టుల్లో నీరు, గాలి ప్రస్తావన రాకూడదనీ అనలేదు. అది మన సౌకర్యం కోసం మనం చేసుకున్న ఏర్పాటు.

2014లో భారత్ వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. జాతీయ గుర్తింపు మండలి (ఎన్‌బీఏ) టైర్-1 గుర్తింపున్న కోర్సుల పట్టాలకు సభ్యదేశాల్లో సమాన విలువ అన్నమాట. దానికి అనుగుణంగా అప్పట్లో పన్నెండు ప్రోగ్రాం ఔట్‌కమ్‌లు (పట్టభద్రులకు ఉండాల్సిన సామర్థ్యాలు) పెట్టారు, వాటిలో ఏడోది 'పర్యావరణం, సుస్థిరత'. ఇక చూడాలి మన ఫైళ్ల వైభవం. ప్రతి సబ్జెక్టుకూ ఒక పట్టిక, ప్రతి గడిలో 3, 2, 1 లేదా ఓ గీత. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, లేదు. ఎన్‌బీఏ బృందం వచ్చే వారం ముందు లెక్చరర్లు రాత్రిళ్లు కూర్చుని ఈ గడులు నింపుతారు. పాపం, వాళ్లను తప్పుపట్టలేం, చాలామందికి జీతమే సమయానికి రాదు. కానీ ఆ సుస్థిరత గడిలో 2 వేసిన సబ్జెక్టు ప్రశ్నపత్రం తీసి చూడండి. నీరు, కరెంటు, వ్యర్థం అన్న మాట ఒక్కసారైనా వచ్చిందేమో వెతకండి. దేశంలో సుస్థిరత అత్యధికంగా అమలవుతున్న చోటు ఏదంటే ఎన్‌బీఏ ఫైళ్లే అని చెప్పాలి.

ఇక ఎదురు ప్రశ్నలు. సిలబస్‌లో చోటు లేదంటారు. నేను కొత్త పాఠం అడగడం లేదు, పాత ప్రాబ్లంలో ఇంకో వరస అడుగుతున్నాను. ఆర్-12 తీసేసి ఆర్-32 పెట్టడానికి ఎన్ని పీరియడ్లు కావాలి?

కంపెనీలు ఇవి అడగవంటారు. క్యాంపస్ ఇంటర్వ్యూలో అడగరు, నిజమే. కానీ మన సీట్లలో పెద్ద వాటా ఆక్రమించిన సీఎస్ఈ పిల్లలు చేరబోయే పరిశ్రమ ఏ దిక్కుకు పోతోందో చూడండి. 2025 అక్టోబరులో విశాఖకు ప్రకటించిన గూగుల్ ఏఐ కేంద్రం సామర్థ్యం గిగావాట్ స్థాయి. ఒక గిగావాట్ భారం ఏడాదంతా పూర్తిగా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. ఆ వేడిని చల్లార్చడానికి నీరో, మళ్లీ కరెంటో కావాలి. అల్గారిథమ్స్ క్లాసులో సమయం, మెమరీ అని రెండే ఖర్చులు చెబుతాం, మూడోది కరెంటు మీటరు మీద తిరుగుతూ ఉంటుంది. ఇనుము, సిమెంటు, అల్యూమినియం ఐరోపాకు పంపే కంపెనీలు 2026 జనవరి నుంచి అక్కడి కార్బన్ సరిహద్దు పన్ను పరిధిలోకి వచ్చాయి. మన స్టాక్ మార్కెట్‌లో పైవరస వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ లెక్కలు సెబీకి సమర్పించాలి. ఆ లెక్కలు కట్టే మనుషులు కావాలి. వాళ్లను మన కాలేజీలు తయారు చేయకపోతే ఆ పని కన్సల్టెన్సీ కంపెనీల ఎక్సెల్ షీట్లలో జరుగుతుంది, ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద ఇంజనీరు సంతకం పెట్టి పక్కకు జరుగుతాడు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. నిర్ణయం ఇంజనీరు చేతిలో ఉండదు, ఎల్-1 టెండరు చేతిలో ఉంటుంది, మంత్రిగారి చేతిలో ఉంటుంది, పిల్లలకు నేర్పి ఏం లాభం అంటారు. ఈ మాటలో అనుభవం ఉంది. తక్కువ ధర కోట్ చేసినవాడికే పని దక్కే చోట పీపీసీ గురించి అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) మాట వినేదెవరు? కానీ ఎస్టిమేటు ఎవరు వేస్తారు? స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ ఎవరు రాస్తారు? ఎం-బుక్కులో కొలతలు ఎక్కించేది ఎవరు, ఐఎస్ కోడు కమిటీల్లో కూర్చునేది ఎవరు? ఏఈ నుంచి చీఫ్ ఇంజనీరు దాకా అందరూ ఈ కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. టెండరులో 'ఓపీసీ 53' అని రాసింది ఏ రాజకీయ నాయకుడూ కాదు. ఇరవై ఏళ్ల క్రితం కాలేజీలో అలాగే నేర్చుకున్న ఓ ఇంజనీరు రాశాడు, తర్వాత వచ్చినవాళ్లు కాపీ కొట్టారు. పైవాడు వినకపోయినా ఫైలులో ఒక లెక్క ఉండటం వేరు, ఏ లెక్కా లేకపోవడం వేరు. విచారణ కమిషన్లు వచ్చినప్పుడు ఆ తేడా మన ఇంజనీర్లకే బాగా తెలుస్తుంది.

పేద దేశం, ముందు అభివృద్ధి కావాలన్నవాళ్లతో నాకు పేచీ లేదు. మన తలసరి కర్బన ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కూడా లేవు, ఆ సంగతి పడమటి దేశాలకు గట్టిగానే చెప్పాలి. కానీ పటాన్‌చెరు బావులను పాడుచేసింది ఐరోపా కాదు. వెంకటాపురంలో చనిపోయినవాళ్లు పేదవాళ్లే.

చివరగా నా పక్షాన ఉన్నవాళ్లతోనూ ఓ తగాదా ఉంది. సుస్థిరత మీద కొత్త ఎలెక్టివ్ పెడదాం, మైనర్ డిగ్రీ ఇద్దాం, గ్రీన్ క్యాంపస్ ర్యాంకు తెచ్చుకుందాం అంటారు వీళ్లు. ఇష్టపడి వచ్చిన ముప్పై మందికి అవి బాగానే ఉంటాయి. మిగతా వేలమంది ఆర్-12 లెక్కలు చేస్తూనే ఉంటారు, పైగా సుస్థిరత అనేది వేరే వాళ్ల స్పెషలైజేషన్ అన్న నమ్మకం ఇంకా బలపడుతుంది. మన పూర్వీకులకు అన్నీ తెలుసు, గొలుసుకట్టు చెరువులు చూడండి అనే ఇంకో బృందం ఉంది. చెరువుల సంగతి నిజమే. అయితే అలుగు ఎత్తు, తూము సైజు, పరీవాహకం లెక్కలతో సహా హైడ్రాలజీలో చెప్పండి. 'భారతీయ సంప్రదాయ విజ్ఞానం' అని దానికీ ఇంకో సున్నా క్రెడిట్ల పేపరు పెట్టారు, రెండూ పక్కపక్కనే నిద్రపోతున్నాయి.

కాబట్టి ఆ ఉమ్మడి పేపరును రద్దు చేసి, ఆ గంటలను బ్రాంచీలకు పంచండి. కోర్టు ఆదేశం అప్పుడే నిజంగా అమలవుతుంది. సివిల్ వాళ్లకు సిమెంటు, నీరు. మెకానికల్ వాళ్లకు ఇంధనం, రిఫ్రిజిరెంట్లు. కెమికల్ వాళ్లకు ఫ్యాక్టరీ గోడ అవతలి ఊరు. సీఎస్ఈ వాళ్లకు సర్వరు కరెంటు. క్రెడిట్లు ఇవ్వండి, మార్కులు ఇవ్వండి. ప్రతి డిజైన్ పేపర్లో కనీసం ఒక ప్రశ్నకు చివర ఇంకో వరస చేర్చండి: ఎంత సరుకు, ఎంత కరెంటు, ఎంత నీరు, మిగిలింది ఎక్కడికి? ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టులో ఆ నాలుగు అంకెలూ లేకపోతే వైవాకు పిలవకండి. హైదరాబాద్ అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టులు ఆ ఒక్క పేజీ దగ్గరే దొరికిపోతాయి, అది అదనపు లాభం.

దీనికి ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లో అటానమస్ హోదా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. సిలబస్ మార్చుకునే అధికారం వాటి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు ఉంది, ప్రశ్నపత్రం తయారుచేసేది వాళ్ల సొంత అధ్యాపకులే. వచ్చే సమావేశానికి వెళ్లే ప్రొఫెసర్లు తమ సబ్జెక్టు పాత ప్రశ్నపత్రం ఒకటి వెంట తీసుకెళ్లండి. అందులో ఏ ప్రాబ్లం చివర ఆ వరస చేర్చవచ్చో ఒక్కటి గుర్తుపెట్టి, ఈ సెమిస్టర్ నుంచే చేర్చమని అడగండి.